ఎంపీసీ, బైపీసీ అందరికీ ఒకే ఫిజిక్స్: ఫస్ట్ సెమ్ కోర్సు తయారుచేసిన నా అనుభవం

హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. మొన్నమొన్నటిదాకా మా దగ్గర బ్రాంచికో ఫిజిక్స్ ఉండేది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఒకటి, సివిల్ వాళ్లకి ఒకటి, బయోటెక్ వాళ్లకి పేరు వేరే అయినా లోపల దాదాపు అదే సరుకుతో ఇంకొకటి. 2018లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చిన మోడల్ కరికులంలో కూడా బ్రాంచిని బట్టి ఫిజిక్స్ పేపరు మారుతుంది కాబట్టి అందులో వింతేమీ లేదు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత మేజర్లు, మైనర్లు, మధ్యలో బ్రాంచి మారే అవకాశం అన్నీ మొదలయ్యాక మా వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఫస్ట్ సెమిస్టర్‌లో అందరికీ కలిపి ఒకే ఫిజిక్స్ కోర్సు, నాలుగు క్రెడిట్లు. మూడు థియరీ, ఒకటి ల్యాబ్. యూజీసీ లెక్కలో అది 45 గంటల క్లాసు, 30 గంటల ల్యాబ్. ఆ కోర్సు తయారుచేసే పని నాకూ, ఇంకో ఇద్దరు కొలీగ్స్‌కీ అప్పగించారు.

ఇలాంటి పని నెత్తిన పడినవాళ్లు మన రాష్ట్రాల్లో చాలామందే ఉంటారు, అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

ముందు క్లాసులో ఎవరు కూర్చుంటారో చూడండి. బీటెక్ కంప్యూటర్ సైన్స్, సివిల్, బయోటెక్నాలజీ, బీఎస్సీ ఫుడ్ టెక్నాలజీ. అంటే ఇంటర్‌లో రెండేళ్లూ ఇంటిగ్రేషన్ చేసి చేసి వచ్చిన ఎంపీసీ పిల్లాడి పక్కన, టెన్త్ తర్వాత మళ్లీ మ్యాథ్స్ పుస్తకం తెరవని బైపీసీ అమ్మాయి కూర్చుంటుంది. ఇద్దరూ ఇంటర్‌లో చదివింది ఒకే ఫిజిక్స్ పుస్తకం, రాసింది ఒకే పేపరు. అయినా బైపీసీ వాళ్లు dx, dt కనబడిన చోటల్లా ఆ లైను అలాగే గుర్తుపెట్టుకుని దాటేసి వచ్చినవాళ్లే. ఈ తేడా చూసి అందరూ మొదట అనే మాట ఒకటే: "లెక్కలు తీసేసి తేలిక చేసెయ్యండి." నేను మొదటి రోజు నుంచీ దీనికి ఒప్పుకోలేదు. లెక్కలు తగ్గించినంత మాత్రాన ఫిజిక్స్ తగ్గాలని ఎక్కడా లేదు, లెక్కలు ఉన్నంత మాత్రాన ఫిజిక్స్ ఉన్నట్టూ కాదు. ఈ కోర్సంతా ఈ ఒక్క మాట మీదే నిలబెట్టాం.

పాత సిలబస్ తెలిసిందే. ఐదు యూనిట్లు: లేజర్లు, ఆప్టికల్ ఫైబర్, క్వాంటమ్ ఫిజిక్స్‌లోని ష్రోడింగర్ సమీకరణం, సెమీకండక్టర్లు, డైఎలక్ట్రిక్స్. యూనిట్‌కి ఇది లేదా అది అని రెండు పెద్ద ప్రశ్నలు. లేజర్ల పాఠంలో ఐన్‌స్టీన్ కోఎఫిషియెంట్స్ (పరమాణువులు కాంతిని పీల్చుకునే, వదిలే రేట్లు) మధ్య సంబంధం రాబట్టండి అంటే పిల్లలు పేజీన్నర అక్షరం పొల్లు పోకుండా రాస్తారు. అదే పిల్లాణ్ణి, లేజర్ పాయింటర్ 5 మిల్లీవాట్లే కదా, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కన్నా అది కంటికి ఎందుకు ప్రమాదం అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. పిల్లాడి తప్పేమీ లేదు, మనం అడిగిందే వాడు నేర్చుకున్నాడు.

సిలబస్ ముట్టుకోకముందు మేం చేసిన పని, ఈ పిల్లల్ని తర్వాతి సెమిస్టర్లలో చూసే డిపార్ట్‌మెంట్లన్నీ తిరగడం. "మీకు ఏ టాపిక్స్ కావాలి" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా తాము చదువుకున్న పుస్తకంలోని విషయసూచికే చెప్తారు. "థర్డ్ సెమ్‌లో మీ దగ్గరికి వచ్చాక మా పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు" అని అడిగాం. సివిల్‌లో ఒక సీనియర్ మేడమ్ ఒక్క మాటలో తేల్చేశారు. "దూలం బొమ్మ ఇచ్చి దానిమీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా గియ్యమంటే రావట్లేదండీ. అది నేర్పించి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం." బయోటెక్ వాళ్లు సెంట్రిఫ్యూజ్, అంటే శాంపిల్‌ని గిర్రున తిప్పే మెషీన్ సంగతి చెప్పారు. మెషీన్ మీద ఆర్‌పీఎం ఉంటుంది, ప్రోటోకాల్‌లో ఎన్ని g (భూమి గురుత్వ త్వరణానికి ఎన్ని రెట్లు) అని ఉంటుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లడం పిల్లలకి రాదు, పక్క ల్యాబ్ వాళ్లు ఎంత పెట్టారో అంతే పెట్టేస్తారు, రోటర్ మారితే శాంపిల్ పోతుంది. నిజానికి అది ఇంటర్‌లో చదివిన అభికేంద్ర త్వరణమే. 8 సెంటీమీటర్ల వ్యాసార్థం, 10,000 ఆర్‌పీఎం అంటే దాదాపు 9,000 g, రెండు లైన్ల లెక్క. ఫుడ్ టెక్ వాళ్లు గుప్తోష్ణం (మరిగే నీళ్లు ఆవిరవడానికి పట్టే వేడి లాంటిది), ఉష్ణప్రసారం అన్నారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు మొదట "మాకు ఫిజిక్స్‌తో పెద్ద పని లేదు" అన్నారు గానీ కాసేపు కూర్చున్నాక అసలు బాధ బయటపడింది. ప్రాజెక్టుల్లో సెన్సార్ నుంచి వచ్చిన రీడింగ్‌ని ఎంతవరకు నమ్మాలో పిల్లలకి తెలియదు, యూనిట్లు లేకుండా నంబర్లు రాసేస్తారు, 23.456789 డిగ్రీలు అని ప్రింట్ చేసి అదే నిజమనుకుంటారు.

ఒక్క డిపార్ట్‌మెంట్ కూడా ష్రోడింగర్ అడగలేదు.

తర్వాత పిల్లల వైపు నుంచి చూడాలనుకున్నాం. అప్పటికి నడుస్తున్న బ్యాచ్‌కి మార్కులు లేని చిన్న టెస్టు ఒకటి పెట్టాం. పైకి విసిరిన బంతి ఇక పైకి వెళ్లలేక ఆగిన ఆ క్షణంలో దాని త్వరణం ఎంత? ఒక గ్రాఫు ఇచ్చి, ఏ చోట వేగం ఎక్కువగా మారుతోంది? బెలూన్ అడ్డుకొలత రెట్టింపైతే లోపలి గాలి ఎన్ని రెట్లు? ఇలాంటివి. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు చాలామంది బంతి ప్రశ్నకి సున్నా అని రాశారు. v = u + at వాళ్లకి నిద్రలో లేపినా వస్తుంది, కానీ వేగం సున్నా అయితే త్వరణమూ సున్నా అనే నమ్మకం దాని కిందే చెక్కుచెదరకుండా ఉంది. గ్రాఫు ప్రశ్నలో మాత్రం బైపీసీ పిల్లలు వాళ్లకి ఏమాత్రం తీసిపోలేదు. ఎంజైమ్ గ్రాఫులు, జనాభా పెరుగుదల గ్రాఫులు చూసి చూసి వాళ్లకి అలవాటు. నిష్పత్తుల దగ్గర అందరూ సమానంగా తడబడ్డారు.

ఇలా జరుగుతుందని ఫిజిక్స్ బోధన మీద పరిశోధన చేసేవాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. హెస్టెనీస్, వెల్స్, స్వాక్‌హామర్ 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే ప్రశ్నపత్రం తెచ్చారు. ఫార్ములా అక్కర్లేని మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలే అన్నీ. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లో ఆరు వేల పైచిలుకు విద్యార్థుల మార్కులు పోల్చి చూస్తే, లెక్చర్ మాత్రమే విన్న క్లాసుల్లో పిల్లలు నేర్చుకోవలసి మిగిలిన దాంట్లో సగటున నాలుగో వంతు కన్నా తక్కువే నేర్చుకున్నారు. క్లాసులోనే మాట్లాడుకుని, వాదించుకుని, చేసి చూసిన చోట అది దాదాపు సగం. ఆ పేపరు మా ముగ్గురం కలిసి చదివాం. సిలబస్‌ని ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎవరైనా "పిల్లలు మాట్లాడుకుంటే క్లాసు ఏమవుతుంది" అంటే చూపించడానికి అది చేతిలో ఉండడం ఎంత మేలు చేసిందో చెప్పలేను.

మ్యాథ్స్ సంగతి. బీఫార్మసీలో ఫస్ట్ సెమ్‌లో బైపీసీ వాళ్లకి రెమెడియల్ మ్యాథ్స్, ఎంపీసీ వాళ్లకి రెమెడియల్ బయాలజీ ఉంటుంది. మనమూ అలాంటి బ్రిడ్జ్ కోర్సు పెడదామని ఒక కొలీగ్ అన్నారు. ఫార్మసీలో అది రెండు వైపులా ఉంటుంది కాబట్టి ఎవరికీ చిన్నతనం ఉండదు. మా దగ్గర బైపీసీ వాళ్లని మాత్రమే సాయంత్రం క్లాసుకి రమ్మంటే మొదటి వారంలోనే వాళ్లకి "మీరు వెనకబడినవాళ్లు" అని చెప్పినట్టవుతుంది. అందుకని మ్యాథ్స్‌ని కోర్సు లోపలే, అవసరం వచ్చిన చోట, అందరికీ కలిపి చెప్పాలని నిశ్చయించుకున్నాం. నిష్పత్తులు, ఘాతాలు, గ్రాఫు వాలు, ఉజ్జాయింపు లెక్క, లాగ్ స్కేలు. ఈ ఐదూ చాలు. ఇంటిగ్రేషన్ కావలసిన చోట స్ప్రెడ్‌షీట్.

దీనికి ఉదాహరణ వాన చినుకు. కిలోమీటరు ఎత్తు నుంచి గాలి అడ్డు లేకుండా పడితే చినుకు సెకనుకు 140 మీటర్ల వేగంతో, అంటే గంటకు 500 కిలోమీటర్లతో మన నెత్తిన పడాలి. పడట్లేదు కదా. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని చెప్పి, స్ప్రెడ్‌షీట్‌లో మూడు కాలమ్స్ పెట్టిస్తాం: కాలం, వేగం, త్వరణం. ఇప్పుడున్న వేగానికి త్వరణం ఎంతో లెక్కకట్టు, దాన్ని 0.1 సెకనుతో గుణించి వేగానికి కలుపు, కింది వరసకి వెళ్లు. కూడిక, గుణకారం తప్ప ఏమీ లేదు. రెండు మిల్లీమీటర్ల చినుకైతే రెండు సెకన్లకల్లా వేగం సెకనుకు ఆరున్నర మీటర్ల దగ్గర నిలిచిపోవడం పిల్లలు తమ స్క్రీన్ మీద తామే చూస్తారు. ఎంపీసీ పిల్లలకి ఇది అవకలన సమీకరణం అని, దాన్ని చేత్తో సాధించినా ఇదే వస్తుందని ఇంటిపనిగా ఇస్తాం. బైపీసీ పిల్లలకి ఆ పేరు తెలియకపోయినా అదే ఫిజిక్స్ అందింది, తక్కువేమీ అందలేదు.

ఇక ల్యాబ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సెలైన్ ప్రయోగం, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. మెడికల్ షాపులో దొరికే ఐవీ కాన్యులాలు, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టాలు తెచ్చాం. ఆకుపచ్చది 18 గేజ్, గులాబీది 20, నీలం 22. పిల్లలకి సూదులు ఇవ్వం, సూది తీసేసి ప్లాస్టిక్ గొట్టం మాత్రమే ఇస్తాం. స్టాండుకి మీటరు ఎత్తున నీళ్ల సీసా, కింద కొలజాడీ, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నాయో కొలవాలి. కాన్యులా ప్యాకెట్ మీద కంపెనీవాళ్లే ఆ సంఖ్య వేస్తారు, ఆకుపచ్చదానికి సాధారణంగా 90 దరిదాపుల్లో ఉంటుంది. ముందు పాయిజువీ సూత్రంతో లెక్కకట్టి తర్వాత కొలవండి అంటాం. ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది, గొట్టం పొడవుకి విలోమంగా ఉంటుంది.

లోపలి వ్యాసం 0.95 మిల్లీమీటర్లు, పొడవు 45 మిల్లీమీటర్లు అని వేసి లెక్క కడితే నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్లు వస్తుంది. కొలిస్తే అందులో మూడో వంతు కూడా రాదు. ఎంపీసీ పిల్లలు వెంటనే లెక్క మళ్లీ చేస్తారు, కాలిక్యులేటర్ మారుస్తారు, మళ్లీ 300. ఒక టేబుల్ దగ్గర ఒక బయోటెక్ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "సార్, 300 నిజమైతే నీళ్లు ఎంత స్పీడుగా బయటికి రావాలి?" ఆ టేబుల్ వాళ్లే లెక్కకట్టారు. సెకనుకు దాదాపు 7 మీటర్లు. మరి మీటరు ఎత్తు నుంచి నీటిచుక్కని ఊరికే వదిలేస్తే కిందకి చేరేసరికి ఎంత వేగం? నాలుగున్నర మీటర్ల లోపే. అంటే ఏ అడ్డూ లేకుండా పడిన నీటికన్నా సన్నటి గొట్టంలోంచి ఒరుసుకుంటూ వచ్చిన నీళ్లు వేగంగా రావాలని ఫార్ములా చెప్తోంది. శక్తి నిత్యత్వం ఒప్పుకోదు. అప్పుడు ఆ ఫార్ములా ఎప్పుడు పనిచేస్తుంది, దాని వెనక ఏయే ఊహలు ఉన్నాయి అనే చర్చ దానంతట అదే మొదలైంది. గొట్టం చాలా పొడవుగా ఉండాలి, ప్రవాహం నెమ్మదిగా, పొరలుపొరలుగా స్థిరపడాలి. ఈ పొట్టి కాన్యులాలో నీళ్లు అలా స్థిరపడేలోపే బయటికి వచ్చేస్తాయి, పైగా పై గొట్టం కూడా కొంత అడ్డుపడుతుంది. తర్వాతి వారం అదే పిల్లలకి 30 సెంటీమీటర్ల గాజు క్యాపిలరీ ఇచ్చి, సీసా ఎత్తు 20 సెంటీమీటర్లకి దించి చేయిస్తే సూత్రం చక్కగా సరిపోయింది. సివిల్ పిల్లలు దీన్ని పైపులైన్లకి పట్టుకెళ్లారు. బయోటెక్ పిల్లలు రక్తనాళం కొద్దిగా ఇరుకైతేనే గుండెకి ఎందుకంత భారమో లెక్కకట్టారు.

డిఫ్యూజన్, అంటే అణువులు అటూ ఇటూ కదులుతూ తమంతట తామే వ్యాపించడం, కూడా ఇలాగే అందరికీ పనికొచ్చింది. కంప్యూటర్ సైన్స్ పిల్లాడు ర్యాండమ్ వాక్ ప్రోగ్రాం రాస్తాడు, నాణెం బొమ్మాబొరుసు లాగా ఎటో అటు ఒక్కో అడుగు. అడుగులు నాలుగు రెట్లయితే మొదలుపెట్టిన చోటునుంచి దూరం సగటున రెండు రెట్లే అవుతుందని గ్రాఫులో కనబడుతుంది. దాన్ని తిరగేస్తే, దూరం పది రెట్లయితే పట్టే కాలం వంద రెట్లు. నీటిలో ఆక్సిజన్‌కి ఆ లెక్క వేస్తే కణం సైజులో, అంటే 10 మైక్రోమీటర్లు దాటడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. ఒక సెంటీమీటరుకి ఏడు గంటలు. ఒక మీటరుకి ఎనిమిదేళ్లు! అందుకే కణాలు అంత చిన్నవి, అందుకే మనకి గుండె, రక్తప్రసరణ కావలసి వచ్చాయి అని బయోటెక్ అమ్మాయి చెప్తుంటే, ప్రోగ్రాం రాసిన అబ్బాయికి తన గ్రాఫు దేని గురించో అప్పుడు తెలుస్తుంది. ఒకరికి కోడ్ తెలుసు, ఇంకొకరికి కణం తెలుసు, ఇద్దరి మధ్యా ఉన్నది ఫిజిక్స్. ఈ క్లాసు చూశాక నాకు రకరకాల బ్రాంచిలు కలిసి కూర్చోవడం సమస్యగా అనిపించడం మానేసింది.

శక్తి యూనిట్‌లో ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడుకునే అణువు) మీద పెద్ద గొడవే జరుగుతుంది, కావాలనే పెట్టాం. "ఏటీపీలో బంధం తెగితే శక్తి విడుదలవుతుంది" అని బైపీసీ వాళ్లు చదివి వస్తారు. "బంధం తెంచాలంటే శక్తి ఇవ్వాలి, ఊరికే రాదు" అని ఎంపీసీ వాళ్లు కెమిస్ట్రీలో చదివి వస్తారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడే ఇది తేలుతుంది. తెంచడానికి కొంత శక్తి పడుతుంది, కానీ నీటితో చర్య జరిగి కొత్తగా ఏర్పడే ఏర్పాటు మరింత స్థిరమైనది కాబట్టి మొత్తం మీద లెక్క మిగులు చూపిస్తుంది. అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు బయాలజీ విద్యార్థుల కోసం నెక్సస్ ఫిజిక్స్ అనే కోర్సు తయారుచేసినప్పుడు రసాయన బంధాల శక్తిని, డిఫ్యూజన్‌ని ఫిజిక్స్ సిలబస్ లోపలికి తెచ్చారు. మా ధైర్యం సగం అక్కడినుంచే వచ్చింది.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగ్ మాత్రం టెన్షన్‌గానే గడిచింది. ప్రొజెక్టైల్ రేంజ్ ఫార్ములా, జడత్వ భ్రామకాల పట్టిక, ఐన్‌స్టీన్ కోఎఫిషియెంట్స్ తీసేశామని చెప్పగానే బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒకరు "క్వాంటమ్ లేకుండా ఇది యూనివర్సిటీ ఫిజిక్స్ ఎలా అవుతుంది" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఈ పిల్లల్లో చాలామందికి ఇదే ఆఖరి ఫిజిక్స్ కోర్సు. ఎలక్ట్రాన్, ఫోటాన్ అనే మాట వినకుండా పంపడం నాకూ ఇష్టం లేదు. అందుకని ఎల్‌ఈడీ ప్రయోగం పెట్టాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు ఎంత వోల్టేజి దగ్గర వెలగడం మొదలుపెడతాయో చీకటి గదిలో చూసి రాసుకుంటారు. ఎరుపుకి తక్కువ, నీలానికి ఎక్కువ. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్‌వోల్టుల్లో వస్తుంది. 620 నానోమీటర్ల ఎరుపుకి సరిగ్గా 2. వోల్ట్‌మీటర్ కూడా దాదాపు అంతే చూపిస్తుంది. గ్రాఫు గీస్తే వాలులోంచి ప్లాంక్ స్థిరాంకం ఉజ్జాయింపుగా వస్తుంది. ఎవరూ అవకలన సమీకరణం రాయలేదు, కానీ కాంతి పొట్లాలుగా వస్తుందనే మాటని తమ చేత్తో కొలిచారు. పెద్దాయన ఒప్పుకున్నారు, పైగా ఆకుపచ్చ ఎల్‌ఈడీ విలువ గ్రాఫులో ఎందుకు కాస్త పక్కకి పోతుందో కూడా పిల్లల్ని అడగమని ఆయనే సూచించారు.

గ్రూపుల గురించి రెండు మాటలు. ముగ్గురేసి, వీలైనంతవరకు మూడు వేరు వేరు బ్రాంచిలనుంచి. మిన్నెసోటా యూనివర్సిటీలో 1992లో ప్రచురించిన పనిలో ముగ్గురి గ్రూపు బాగా పనిచేస్తుందని, ఇద్దరు అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయి ఉంటే ఆమె మాట వినబడదని రాశారు. మన దగ్గర అది ఇంకా ఎక్కువే. కాబట్టి ఆ కూర్పు రానివ్వలేదు. ఎంపీసీ పిల్లాడే పెన్ను లాక్కుని మొత్తం చేసేస్తుంటే మిగతా ఇద్దరూ కాపీ చేసుకోవడం ఇంకో సమస్య. దానికి ఒకటే మందు పనిచేసింది: ఎవరు రాసినా సరే, వివరించేది నేను పిలిచినవాళ్లు. అప్పుడు రాసేవాడికే గరజు, పక్కవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి. టేబుల్ దగ్గర తెలుగులో మాట్లాడుకోనిచ్చాం, హిందీ పిల్లలున్న చోట హిందీ కలిపి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ క్లాసులో నెలంతా నోరు మెదపరు, అదే టేబుల్ దగ్గర "అది కాదురా, బలం ఎటు ఉందో చూడు" అని మొదలుపెడితే ఆపలేం. ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ మీద చేసి చూసే ప్రయోగాలు, చాలావరకు తెలుగులో కూడా దొరుకుతాయి, వాటి లింకులు ముందే ఇచ్చేస్తాం.

పరీక్ష దగ్గర అసలైన కష్టం. "సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చెప్పండి" అనేది మన పిల్లలు పుట్టుకతో నేర్చుకున్నది కాదు, మన ప్రశ్నపత్రాలు నేర్పింది. ఫార్ములా షీటు మేమే ఇచ్చేశాం. కొన్ని ప్రశ్నల్లో తప్పు సమాధానం ఇచ్చి ఎక్కడ తప్పిందో చెప్పమన్నాం. ఉదాహరణకి, 1500 వాట్ల కెటిల్ లీటరు నీళ్లని మూడున్నర నిమిషాల్లో మరిగిస్తుంది, కాబట్టి ఇంకో మూడున్నర నిమిషాల్లో నీళ్లన్నీ ఆవిరైపోతాయి అని ఒకరు రాశారు, సరేనా? లెక్క వేస్తే ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. గుప్తోష్ణం నిర్వచనం అడిగితే అందరూ రాస్తారు, ఇది మాత్రం అర్థమైనవాళ్లే రాస్తారు. మార్కుల్లో సగం వివరణకే. మొదటి మిడ్ అయ్యాక మంచి ర్యాంకులతో వచ్చిన కొందరు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కూడా వచ్చి అడిగారు, ఇంటర్‌లో ఫిజిక్స్‌లో అన్ని మార్కులొచ్చినవాడికి ఇక్కడ ఎందుకు తగ్గాయని. పేపరు ముందు పెట్టి పిల్లాడితోనే చదివించాం. కోప్పడి వెళ్లినవాళ్లు ఒకరిద్దరు, మిగతావాళ్లు అర్థం చేసుకున్నారు. గ్రేడ్లు బ్రాంచికీ బ్రాంచికీ పోల్చి ఇవ్వం, ముందే చెప్పిన గీతలు దాటితే ఆ గ్రేడు, అంతే.

బలాల భాగంలో మార్పు స్పష్టంగా కనబడింది. సెమిస్టర్ చివర అలాంటి టెస్టే మళ్లీ పెడితే బంతి ప్రశ్నకి సున్నా అనేవాళ్లు బాగా తగ్గారు, సివిల్ మేడమ్ కూడా బాణాలు గీస్తున్నారని చెప్పారు. కరెంటు భాగం కదల్లేదు. బల్బు కరెంటుని కొంత "వాడేసుకుంటుంది", అవతలికి తక్కువ వెళ్తుంది అనే ఆలోచన మొదట ఎలా ఉందో చివర్లోనూ దాదాపు అలాగే ఉంది, ఎంపీసీ, బైపీసీ తేడా లేకుండా. ఆ యూనిట్ మొత్తం తిరగరాస్తున్నాం. ఓమ్ నియమం, కిర్కాఫ్ నియమాలు తర్వాత; ముందు ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒకే ఒక్క వైరు ఇచ్చి వెలిగించమంటాం. తర్వాత బల్బుకి ఇటూ అటూ అమ్మీటర్లు పెట్టించి, చూడకముందే ఏది ఎంత చూపిస్తుందో కాగితం మీద రాయిస్తాం.

వచ్చే బ్యాచ్‌లో ఆర్కిటెక్చర్ పిల్లలు కూడా కలుస్తున్నారు. వాళ్ల డిపార్ట్‌మెంట్‌కి వెళ్లొచ్చాం. క్లాసు గదిలో చప్పట్లు కొడితే శబ్దం ఎంతసేపు నిలుస్తుంది, కాంక్రీటు స్లాబు కింద రాత్రి పదింటికి కూడా ఉక్కపోత ఎందుకు, ఇవీ వాళ్లు అడుగుతున్నవి. రెండూ మంచి ఫిజిక్సే, రెండూ ఫోనుతో, థర్మామీటర్‌తో కొలవచ్చు. ఉష్ణప్రసారం ఫుడ్ టెక్ వాళ్ల కోసం ఎలాగూ ఉంది, స్లాబుని అందులో కలిపేస్తాం. శబ్దానికే చోటు లేదు. 45 గంటలు 45 గంటలే కాబట్టి తరంగాల్లో డాప్లర్ (కదిలే వస్తువు నుంచి వచ్చే శబ్దం పౌనఃపున్యం మారడం) తీసి ప్రతిధ్వని పెడదామని నేను, డాప్లర్ అల్ట్రాసౌండ్ లేకుండా ఎలా అని బయోటెక్ వాళ్లు. బోర్డు మీటింగ్ లోపు తేల్చాలి.